జాక్సన్ ఉత్తరాలు, మన వేలిముద్రలు

ఆండ్రూ జాక్సన్ అనే ఆయన 1829 నుంచి 1837 దాకా అమెరికా ప్రెసిడెంటు. ఆయన రాసిన ఉత్తరాలు, ఆయనకొచ్చిన ఉత్తరాలు, సైన్యానికిచ్చిన ఉత్తర్వులు, ఇంటి లెక్కలు అన్నీ కలిపి 26 వేలకు పైగా కాగితాలు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉన్నాయి. ఫోను చేతిలో ఉంటే చాలు, సూళ్ళూరుపేటలో కూర్చొని కూడా చూడొచ్చు. అది చాలదన్నట్టు టెన్నెసీ విశ్వవిద్యాలయం వాళ్ళు 1980 నుంచి ఆ కాగితాలను వివరణలతో సహా సంపుటాలుగా అచ్చు వేస్తున్నారు.

ఇప్పుడు ఒక ప్రశ్న. సూళ్ళూరుపేట నుంచి మదనపల్లె దాకా మన యానాది, ఎరుకల, సుగాలి, నక్కల ఇళ్ళల్లో, తాతో అవ్వో తన చేత్తో రాసిన కాగితం ఒక్కటైనా ఎన్ని ఇళ్ళల్లో ఉంది? రేషన్ కార్డు, ఆధార్ కార్డు కాదు నేనడిగేది. అవి సర్కారు మనకిచ్చినవి. మనం రాసింది ఏదని అడుగుతున్నా.

లేదు. అందుకే బడిలో, కాలేజీలో, ఆఫీసులో మనకు ఒకే మాట వినిపిస్తుంది: "గిరిజనులకు చరిత్ర ఎక్కడుంది? రాతలు లేవు కదా!" మనం కూడా తల వంచుకొని ఒప్పుకుంటాం. ఈ వ్యాసం ఆ ఒప్పుకోలు మీద కొట్లాట. మనం రాసిన కాగితాలు లేకపోవచ్చు. మన మీద రాసిన కాగితాలు మాత్రం బీరువాల నిండా ఉన్నాయి. వాటిని మనం చదవలేదు. వాటి పక్కన మన కాగితం పెట్టలేదు. ఈ రెండు తప్పులకూ మనం భూమితో, పరువుతో వెల కడుతున్నాం.

జాక్సన్ సంగతి మనకెందుకంటారా? కారణం ఉంది. 1830 మే 28న ఆయన ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. మిసిసిపీ నదికి తూర్పున ఉన్న ఆదివాసీ జాతులను వాళ్ళ నేలల నుంచి లేపి, నదికి పడమరకు పంపే చట్టమది. ప్రతినిధుల సభలో 102 మంది అవునన్నారు, 97 మంది కాదన్నారు. అంటే ఆ రోజు అమెరికాలో కూడా ఇది అన్యాయమని అన్నవాళ్ళు తక్కువేమీ లేరు. అదే ఏడాది డిసెంబరులో కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో జాక్సన్ ఆ పనిని దయతో చేస్తున్న పనిగా చెప్పుకున్నాడు. అడవులు నిండిన దేశంలో కొన్నివేల మంది "అనాగరికులు" ఉండడం మేలా, ఊళ్ళూ పొలాలూ ఉండడం మేలా అని అడిగాడు. ఈ మాట మనం ఎక్కడో విన్నట్టు లేదా? "అభివృద్ధి కావాలంటే కొందరు జరగాలి కదా" అని నిన్న కూడా విన్నాం.

జాక్సన్ కాగితాలు మాత్రమే మిగిలి ఉంటే ప్రపంచం ఆ కథను ఆయన చెప్పినట్టే నమ్మేదేమో. కానీ అవతల వైపు చెరకీలు ఉన్నారు. వాళ్ళల్లో సెక్వోయా అనే ఆయన ఇంగ్లీషు చదవడం రాని మనిషి. 1821 నాటికి తన భాషకు తానే లిపి తయారు చేశాడు. ఎనభైకి పైగా అక్షరాలు. కొద్ది ఏళ్ళలోనే చెరకీలు ఆ లిపిలో ఉత్తరాలు రాసుకోవడం మొదలుపెట్టారు. 1828 ఫిబ్రవరిలో 'చెరకీ ఫీనిక్స్' అనే పత్రిక పెట్టి తమ భాషలోనూ ఇంగ్లీషులోనూ అచ్చు వేశారు. 1832లో సుప్రీంకోర్టు చెరకీ నేల మీద జార్జియా రాష్ట్ర చట్టాలు చెల్లవని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును ఎవరూ అమలు చేయలేదు. 1835లో జార్జియా గార్డులు వచ్చి పత్రిక ముద్రణ యంత్రాన్నే ఎత్తుకుపోయారు. అచ్చు అక్షరానికి ఎంత బలముందో ఎత్తుకుపోయినవాళ్ళకు బాగా తెలుసు.

1835 డిసెంబరులో జాతి పెద్దలను పక్కనబెట్టి, కొద్దిమంది చేత సంతకాలు చేయించుకుని ఒక ఒప్పందం రాయించారు. జాతి ముఖ్యుడు జాన్ రాస్ ఊరుకోలేదు. అది మా జాతి చేసిన ఒప్పందం కాదంటూ 15 వేలకు పైగా పేర్లతో కాంగ్రెస్‌కు అర్జీ పెట్టాడు. అయినా 1838లో సైన్యం వచ్చి వాళ్ళను ఇళ్ళల్లోంచి లాగి నడిపించింది. అప్పటికి జాక్సన్ పదవి దిగిపోయాడు, ఆయన చట్టం మాత్రం నడుస్తూనే ఉంది. ఆ దారిలో, ఆ శిబిరాల్లో సుమారు 4 వేల మంది చచ్చిపోయారని అంచనా. దాన్నే కన్నీళ్ళ దారి అంటారు.

"చూశారా, రాత వాళ్ళను కాపాడలేదు కదా" అని ఎవరైనా అంటారు. నిజమే, 1838లో కాపాడలేదు. చెరకీలను దేవుళ్ళను చేయాల్సిన పనీ లేదు, వాళ్ళల్లో డబ్బున్నవాళ్ళు నల్లవాళ్ళను బానిసలుగా పెట్టుకున్నారు. కానీ ఒకటి చూడండి. ఈరోజు జాక్సన్ సంపుటాలు ఉన్నట్టే జాన్ రాస్ కాగితాలు కూడా 1985లో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. జాక్సన్ "దయ" అని రాసిన చోట, రాస్ "దోపిడీ" అని రాసిన కాగితం పక్కనే ఉంది. చదివేవాడు రెండూ చదవాల్సిందే.

ఇంకొకటి కూడా చూడండి. చెరకీల మాదిరే తూర్పు నుంచి తరిమేసిన ముస్కోగీ అనే జాతి ఉంది. క్రీకులని కూడా అంటారు. వాళ్ళతో జాక్సన్ ప్రభుత్వం 1832లో, 1833లో ఒప్పందాలు రాసుకుంది. పాత నేల వదిలితే పడమటి నేల మీదే అని వాటి సారాంశం. ఆ తర్వాత ఆ మాటను అందరూ మర్చిపోయినట్టే నటించారు. 2020 జులైలో ఒక్లహోమా కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ పాత ఒప్పందాలను ముందు పెట్టుకొని, ఆ రిజర్వేషను నేల ఇంకా ఉందని, దాన్ని కాంగ్రెస్ ఎప్పుడూ రద్దు చేయలేదని చెప్పింది. జాతిని తరమడానికి రాసిన కాగితమే దాదాపు 190 ఏళ్ళ తర్వాత ఆ జాతికి సాక్ష్యంగా నిలబడింది. కాగితం పోగొట్టుకోకుండా పట్టుకున్నందుకు, దాన్ని చదవగల మనుషులను తయారు చేసుకున్నందుకు అది సాధ్యమైంది.

ఇక మన నేలకు వద్దాం.

చెరకీల మీద దొంగ ఒప్పందం రాయించిన ఆ 1835లోనే ఇక్కడ మద్రాసు ప్రభుత్వం శ్రీహరికోట దీవిని తన చేతిలోకి తీసుకుంది. ఎందుకు? మద్రాసు పట్నానికి వంటచెరకు కావాలి. పులికాటుకూ సముద్రానికీ మధ్య ఉన్న ఆ అడవిలో అప్పటికే యానాదులు ఉన్నారు. ఆ తర్వాత దొరలు రాసిన పుస్తకాల్లో ఈ సంగతి ఎలా ఉంటుందంటే, అక్కడ అడవి మనుషులు కనబడ్డారట, దుంపలు తిని బతుకుతున్నారట, సర్కారు వాళ్ళకు తిండి, గుడ్డ ఇచ్చి దారికి తెచ్చిందట. తేనె, కుంకుళ్ళు, చిరివేరు ఎవరు ఏరి తెచ్చి ఎవరి గిడ్డంగి నింపారో మాత్రం ఒక మూల చిన్నగా ఉంటుంది. జాక్సన్ సందేశానికీ దీనికీ భాషలో ఏం తేడా ఉంది? తీసుకున్నదాన్ని ఇచ్చినట్టు రాయడం దొరల కాగితాలకు ఎక్కడైనా ఒకటే అలవాటు.

కానీ తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, కోపంతో ఆ కాగితాన్ని పక్కన పడేయకండి. ఇంకోసారి చదవండి. "మేం వచ్చేసరికి వీళ్ళు ఇక్కడున్నారు" అని అందులో ఉంది. అంటే సర్కారు కంటే ముందు ఆ దీవిలో యానాది ఉన్నాడని సర్కారు వైపు వాళ్ళే రాసిచ్చారు. ఇంతకంటే గట్టి సాక్షి ఎవరు? 1969లో అదే దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబరులో మొదటి రాకెట్ లేచింది. అక్కడి యానాదులు దీవి దాటి ఒడ్డుకు వచ్చి పడ్డారు. 2022 ఏప్రిల్ నుంచి శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలో ఉంది. రాకెట్ లేచిన ప్రతిసారీ టీవీలో దీవి కనబడుతుంది, బడిలో పిల్లలు చప్పట్లు కొడతారు. కొట్టనీ, తప్పు లేదు. కానీ ఆ దీవి ఎవరి ఊరని ఏ పంతులుగారైనా ఒక్క వాక్యం చెబుతున్నారా?

పంతుళ్ళారా, మీ బడి కథ కూడా ఆ కాగితాల్లో ఉంది. తిరుపతిలో మన్రో గంగాళం గురించి తెలియనివాళ్ళు లేరు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో పేరు మీద కొండ మీద పొంగలి నైవేద్యం జరుగుతుందని భక్తితో చెప్పుకుంటారు. ఈయన జాక్సన్ కాలం వాడే. ఈయన ఉత్తరాలు, మినిట్లు కూడా లండన్ బ్రిటిష్ లైబ్రరీలో జాగ్రత్తగా ఉన్నాయి. 1822లో ఈయన కలెక్టర్లందరికీ ఒక ఫారం పంపించి, మీ జిల్లాల్లో బడులెన్ని, చదివే పిల్లలెందరో రాసి పంపమన్నాడు. చిత్తూరు కేంద్రంగా ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి కూడా జవాబు పోయింది. ఆ ఫారంలో గళ్ళు ఏమిటి? బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ఇతర కులాలు, ముస్లిములు. అంతే. యానాదికి, ఎరుకలకు, సుగాలికి గడి లేదు. "మన దేశంలో పూర్వం అందరికీ చదువుండేది" అని ఈ లెక్కలు చూపించి గొప్పలు చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ "అందరిలో" మన పిల్ల ఎక్కడుందో ఫారంలో వేలు పెట్టి చూపించమని అడగండి. గడి లేనివాళ్ళు లెక్కలో లేరు, లెక్కలో లేనివాళ్ళకు బడి లేదు.

మన్రో రైతులకు మేలు చేశాడని పుస్తకాల్లో చదువుతాం. రైత్వారీలో పట్టా పేరున్న రైతుకు సర్కారుతో నేరుగా లెక్క కుదిరింది, నిజమే. కానీ దున్నకుండా, వేటతో, దుంపలతో, బుట్టల అల్లికతో, ఎద్దుల మీద ఉప్పు మోసి బతికేవాడికి ఆ లెక్కలో చోటు ఏది? వాడు తిరిగిన నేలకు ఖాతాదారు లేడు. ఆ నేల తర్వాత సర్కారు బంజరైంది, పోరంబోకైంది, రిజర్వు ఫారెస్టైంది. ఈరోజు డీకేటీ పట్టా కోసం ఎమ్మార్వో ఆఫీసు వరండాలో మనం నిలబడుతున్నామంటే, ఆ వరుస రెండొందల ఏళ్ళ కిందట మొదలైంది.

గడి లేకపోవడం ఒక ఎత్తయితే, ఉన్న ఒకే ఒక్క గడి దొంగ అని ఉండడం ఇంకొక ఎత్తు. 1881లో ఆర్థర్ కాక్స్ ఉత్తర ఆర్కాటు జిల్లా మాన్యువల్ రాశాడు. తర్వాత దాన్ని సవరించి మళ్ళీ వేసింది హెరాల్డ్ స్టువర్ట్. 1891లో మద్రాసు రాజధాని జనాభా లెక్కలు చేయించింది కూడా ఈయనే. ఎవరు ఏ కులం, ఏ కులానికి ఏ గుణం అని రాసిన చేయి అది. తర్వాత మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవికి వచ్చాడు. ఎరుకల కోసం ఇప్పటి బాపట్ల జిల్లాలో పెట్టిన సెటిల్మెంటుకు ఆయన పేరే పెట్టారు. అదే స్టువర్టుపురం. కులం గురించి రాసినవాడి పేరు, ఆ కులాన్ని కట్టడి చేసిన ఊరికి పేరైంది. ఇంతకంటే వివరంగా ఎవరూ చెప్పక్కర్లేదు.

1911 ఏప్రిల్లో చిత్తూరు జిల్లా పుట్టింది. అదే 1911లో నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. పుట్టుకతోనే నేరస్థుడు అని జాతి మొత్తం మీద ముద్ర వేసే చట్టమది. రిజిస్టరులో పేరు, వేలిముద్ర. పోలీసు చెప్పిన వేళకు హాజరు. ఊరు దాటితే చెప్పి వెళ్ళాలి. మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. ఆ పోరాటంలో వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్ళు జీవితాలు పెట్టారు. ఆయన 1962లో యానాదుల మీద పుస్తకం కూడా రాశాడు. అదే 1962లో మన రాష్ట్రంలో అలవాటు నేరస్థుల చట్టం అని ఇంకొకటి వచ్చింది. పేరు మారింది, చూపు మారలేదు. ఊళ్ళో దొంగతనం జరిగితే ముందు ఎవరి గుడిసె తలుపు తడతారో మీకు తెలుసు.

మన తాతల పేర్లున్న మొదటి సర్కారు పుస్తకం, చాలా ఇళ్ళకు, ఆ పోలీసు రిజిస్టరే. జాక్సన్‌కు ఉత్తరాలు మిగిలాయి. మనకు వేలిముద్రలు మిగిలాయి.

ఇక్కడ మనవాళ్ళే కొందరు నాతో రెండు మాటలు అంటారు. మొదటిది: "అవి దొరల అబద్ధాలు, వాటిని చదివి ఏం చేస్తాం?" అయ్యా, అబద్ధం ఎక్కడుందో చదవకుండా ఎలా చెబుతాం? మనం చదవకపోతే ఎవరో చదివి, వాటితోనే డాక్టరేటు తెచ్చుకొని, మన గురించి మనకే పాఠం చెబుతున్నారు. థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాల్లో రాసినవే ఈరోజు పోటీ పరీక్షల గైడ్లలో తెలుగులో తిరిగి వస్తున్నాయి. ఖండించాలంటే ముందు పేజీ తెరవాలి.

రెండోది: "మనది నోటి మాట సంస్కృతి, రాత మనకు అక్కర్లేదు." ఈ మాట వినడానికి బాగుంటుంది. కానీ ఫారెస్టు వాళ్ళతో, రెవెన్యూ వాళ్ళతో మాట్లాడేటప్పుడు పనికిరాదు. పైగా నోటి మాటకు విలువ ఇచ్చే చట్టం మనకు ఉంది, దాన్ని మనం వాడుకోవడం లేదు. 2006 అటవీ హక్కుల చట్టానికి వచ్చిన 2008 నిబంధనల్లో 13వ నిబంధన చదవండి. గెజిటీర్లు, జనాభా లెక్కలు, సర్వే సెటిల్మెంటు రిపోర్టులు, మ్యాపులు, అటవీ రికార్డులు సాక్ష్యంగా చెల్లుతాయి. అర్జీదారు కాని పెద్దలు చెప్పిన మాటను రాసుకుంటే అది కూడా సాక్ష్యమే. ఒకటి కంటే ఎక్కువ సాక్ష్యాలు చూపాలంటుంది ఆ నిబంధన. అంటే అవ్వ మాట ఒకటి, పాత మాన్యువల్లో పేజీ ఒకటి. నోటి మాటా కాగితమూ ఒకదానికొకటి శత్రువులు కావు, ఒకే అర్జీకి రెండు చేతులు. రాయలసీమలో షెడ్యూల్డు ఏరియా లేదు, 1/70 చట్టం మనల్ని కాయదు. మైదానంలో ఉన్న మనకు ఉన్న ఆధారాలే తక్కువ. వాటిలో ఒకదాన్ని చదువు రాలేదని వదిలేస్తామా?

అందుకని మనం చేయాల్సింది చెబుతా.

డిగ్రీ చదివే పిల్లలు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్ళండి. పాత నెల్లూరు, ఉత్తర ఆర్కాటు, కడప కలెక్టర్లు రెవెన్యూ బోర్డుకు రాసిన ఉత్తరాలు అక్కడున్నాయి. తిరుపతి నుంచి రైలెక్కితే పగటి పూటే చేరుకుంటారు. చిత్తూరు కలెక్టరేట్లోనూ, తాలూకా ఆఫీసుల్లోనూ పాత రికార్డు గదులున్నాయి. చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. మీ ఊరు, మీ కొండ, మీ చెరువు పేరు ఎక్కడ కనబడితే అక్కడ నంబరు, తేదీ రాసుకోండి. తేదీ లేని కాగితం ఆఫీసులో నిలబడదు.

పంతుళ్ళు చేయాల్సింది ఇంకా సులువు, ఇంకా ముఖ్యం. ప్రతి పిల్ల చేత ఒక నోటు పుస్తకంలో ఇంటి చరిత్ర రాయించండి. తాత ఎక్కడ పుట్టాడు, ఎక్కడి నుంచి ఎవరు లేపారు, ఏ చెట్టు కింద దేవర ఉంది, ఏ వాగులో చేప పట్టారు. ఇంట్లో కుర్రు భాష మాట్లాడే ఎరుకల పిల్ల కుర్రులోనే రాయనీయండి, గోర్ బోలి మాట్లాడే సుగాలి పిల్ల గోర్ బోలిలోనే రాయనీయండి, తెలుగు అక్షరాల్లోనే. అక్షర దోషాలు దిద్దకండి. చివర చెప్పినవాళ్ళ పేరు, ఊరు, తేదీ, విన్నవాళ్ళ సంతకాలు పెట్టించండి. సెక్వోయాకు అక్షరాలు కూడా తయారు చేసుకోవాల్సి వచ్చింది. మనకు అక్షరాలు చేతిలోనే ఉన్నాయి.

సర్కారును కూడా అడగాలి. ఆలయాల శాసనాలు అచ్చు వేయించడానికి డబ్బులున్నప్పుడు, మన మీద సర్కారు రాసిన కాగితాలను తెలుగులో అచ్చు వేయించడానికి ఎందుకు ఉండవు? శ్రీహరికోట కాగితాలు, భూముల కాగితాలు అందరికీ తెరిచి పెట్టాలి. నేరస్థ జాతుల రిజిస్టర్ల సంగతి వేరు. అందులో పేర్లు, వేలిముద్రలు ఉన్నాయి. అవి నెట్‌లో పెడితే మనవడికి పెళ్ళి సంబంధం చెడుతుంది, ఉద్యోగం చెడుతుంది. వాటిని నాశనం చేయకూడదు, అలాగని బజార్లో కూడా పెట్టకూడదు. ఎవరు చూడాలో ఆ కుటుంబాలు, ఆ జాతి చెప్పాలి.

రేపు ఎవరైనా "మీకు చరిత్ర ఏది?" అని అడిగితే తల దించుకోకండి. ఒక చేత్తో వాళ్ళ మాన్యువల్ పేజీ తీయండి, ఇంకో చేత్తో మీ అవ్వ చెప్పిన నోటు పుస్తకం తీయండి. రెండూ బల్ల మీద పెట్టి, ఇప్పుడు చదువుదాం రమ్మనండి. ఆ నోటు పుస్తకం ఈ ఆదివారమే మొదలుపెట్టండి. చెప్పాల్సిన అవ్వకు ఎనభై ఏళ్ళు దాటాయి.